సాలమ్మ దగ్గు

నాచారం,
14 జూన్ 2008

డాక్టర్ పెద్దనాన్నకు దండాలు.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ పోయినసారి నేను "అత్తమ్మకు కాలు నొప్పి" అంటే మీరు "పాలు నాకు పడవమ్మా" అన్నారు. ఇంట్లో అందరం ఒకటే నవ్వు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మా నాన్న మీ దవాఖానలో కంపౌండరుగా ఉన్నన్నాళ్లూ మందు సీసాల మీద చీటీలు రాసి అంటించింది నేనే కదా, నా రాత మీకు తెలియనిది కాదు.

మేము జనగామ విడిచి వచ్చి మూడు నెలలైంది. మా ఆయన ఇన్నేళ్లూ ఇక్కడి అట్టపెట్టెల కంపెనీలో ఒక్కరే ఉండి శనివారం రైలుకు ఇంటికి వచ్చేవారు. ఇప్పుడు సూపర్‌వైజరు అయ్యారు, అందరినీ తీసుకొచ్చారు. ఇల్లు బాగుంది. కింద మేము, పైన ఇంటి ఓనరు సత్యవేణి గారు. వాళ్లది కాకినాడ. మా అమ్మాయి గౌతమి రామంతాపూర్‌లో ఇంటర్‌లో చేరింది. షేర్ ఆటోలో ఎలా ఒదిగి కూర్చోవాలో మొదటి వారంలోనే నేర్చుకుంది. నాకు పక్క వీధి బడిలో తెలుగు చెప్పే పని దొరికింది.

అన్నీ దొరికాయి, డాక్టరే దొరకలేదు. అక్కడైతే అత్తమ్మకు ఒంట్లో ఏ కాస్త తేడా చేసినా చెప్పులు వేసుకుని మీ అరుగు మీదికి వచ్చేసేది. సగం జబ్బు మీతో మాట్లాడితేనే పోయేది. ఇక్కడ "నాకు పానం మంచిగుంట లేదు, నన్ను డాక్టర్‌కు సూపెట్టుండ్రి" అని నెల రోజులుగా ఒకటే పోరు.

సరేనని మెయిన్ రోడ్డు మీదున్న ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. అత్తమ్మ లోపలికి వెళ్లి "సారూ, నాకు దగ్గు..." అన్నదో లేదో, ఆయన చీటీ చింపి చేతిలో పెట్టారు. బయటికొచ్చి అత్తమ్మ అన్నది కదా: "నా మాట నా నోట్లెనే ఉన్నది. గాయిన రాసుడు గూడ అయిపాయె. గీన డాక్టర్ కాడు బిడ్డా, కండక్టర్. టికెట్ కొట్టి ఇచ్చిండు."

మంచి డాక్టరును ఎలా పట్టుకోవాలో మీరే చెప్పండి. ఇక్కడ బోర్డులకు కొదవ లేదు. ఏ బోర్డు కింద మన మనిషి ఉన్నాడో తెలియడం లేదు.

మీ కంపౌండరు బిడ్డ,
రాణి

*

జనగామ,
20 జూన్ 2008

చిరంజీవి రాణికి,

పాలూ కాలూ కలిసిపోయిన మాట నిజమే. ఫోన్‌లో నాకు సగం మాటలే వినిపిస్తాయి, మిగతా సగం నేను కల్పించుకుంటాను. నా కల్పన అంత బాగుండదు. కాబట్టి నువ్వు ఉత్తరాలే రాయి. కాగితం మీద నువ్వు ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతావు.

మంచి డాక్టరును పట్టుకోవడం ఎలాగంటావా? పట్టాలు చూడకు అనను, చూడు. సరైన చదువు చదివాడా లేదా అన్నది మొదటి సంగతి. ఆ తర్వాత ఇంకో సంగతి చూడు. లోపలికి వెళ్లగానే నిన్ను కూర్చోమన్నాడా, నువ్వు చెప్పేది చివరిదాకా విన్నాడా, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడా? ఎవరేం పని చేస్తారు, ఏం వండుకుంటారు, నీళ్లు ఎక్కడివి అని అడిగే డాక్టరు దొరికితే వదలకు. మనిషికి జబ్బు ఒంటరిగా రాదమ్మా, ఇంటితో కలిసి వస్తుంది.

మా కాలంలో దీనికి పేరు లేదు. ఊళ్లో ఒక్కడే డాక్టరు కాబట్టి పురుడు దగ్గర్నుంచి పోయేదాకా వాడే. ఇప్పుడు ఫ్యామిలీ మెడిసిన్ అని దానికే పైచదువు పెట్టారట. మనం ఇంట్లో తినే తిండికి కూడా హోటల్లో పేరు పెట్టి అమ్మినట్టుంది. కానీ మంచిదే. చదువుకుని చేసేవాళ్లు రానీ.

ఒక సంగతి నాకు అర్థం కాలేదు. సాలమ్మకు దగ్గా? ఆమెకు మోకాళ్లున్నాయి, బీపీ ఉంది, కోపం ఉంది. ఛాతీ మాత్రం కమ్మరి కొలిమి తిత్తి లాంటిది. నువ్వు ఆమె దగ్గు విన్నావా?

ఆశీస్సులతో,
అచ్యుతరావు

*

నాచారం,
9 జూలై 2008

డాక్టర్ పెద్దనాన్నకు దండాలు.

మీరు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకుని మళ్లీ బయల్దేరాం. రెండో ఆయన అసలు డాక్టరే కాదని తర్వాత తెలిసింది. ఉప్పల్ వెళ్లే దారిలో ఒక షట్టర్‌లో ఉంటాడు. ఏ జబ్బు చెప్పినా ఒకటే సూది, ఒకటే గ్లూకోజ్ సీసా. బల్లల మీద నలుగురు పడుకుని ఉన్నారు, నలుగురి పైనా నాలుగు సీసాలు వేలాడుతున్నాయి. అత్తమ్మ గుమ్మంలోనే వెనక్కి తిరిగింది. "సొరకాయ పందిరోలె ఉన్నది, నేను రాను" అన్నది.

మూడోసారి పెద్ద ఆసుపత్రికే వెళ్లాం. చల్లటి గదులు, నున్నటి నేల, అత్తమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. రక్తం, మూత్రం, ఎక్స్‌రే, ఇంకేవేవో పరీక్షలు. డాక్టరు కంప్యూటర్ తెర చూస్తూనే "అన్నీ నార్మల్" అన్నారు. ఎవరైనా సంతోషిస్తారు కదా? ఈమె ఇంటికొచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. "ఏమీ లేదన్నారు కదా అత్తమ్మా" అంటే, "గదే బిడ్డా నా ఏడుపు" అంటుంది.

ప్రతిసారీ కొడుకు వెంట రావాల్సిందే. నేనొక్కదాన్నే తీసుకుపోతానంటే కదలదు. పాపం ఆయన సెలవు పెట్టుకుని వస్తారు. వచ్చి లోపలికి మాత్రం రారు, బయట బండి దగ్గరే నిలబడతారు. అత్తమ్మ లోపలికి వెళ్లేముందు ఓసారి వెనక్కి చూస్తుంది, బయటికొచ్చాక "గీన కాదు" అని తల ఊపుతుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నట్టుంది మాకు.

మీరడిగారు కదా, అప్పటినుంచీ చెవి పెట్టి వింటున్నాను. నిజం చెప్పాలంటే అత్తమ్మ దగ్గగా నేను వినలేదు. డాక్టర్లకు మాత్రం ఏకరువు పెడుతుంది: "పొద్దుమీకితే పెయ్యి ఎచ్చబడ్తది, అన్నం సయిస్త లేదు, దగ్గితే పక్కలు గుంజుతయ్, మనిషి చిక్కిపోతున్నది." చిక్కడమెక్కడిది? ఇక్కడికొచ్చాక జాకెట్లన్నీ బిగుతైపోతే కుట్లు విప్పాను. వాళ్లిచ్చిన దగ్గు మందు కూడా తాను తాగదు. సాయంత్రం కొడుకు రాగానే "జర రుచి సూడు బిడ్డా, చేదున్నదా" అని మూత నిండా పోసి ఆయన చేత తాగిస్తుంది. ఆయనేమో ఊరికే తాగేస్తారు.

నాకు ఇద్దరిమీదా విసుగ్గానే ఉంది. ఆయన బాత్రూంలోకి వెళ్తే నల్లా ధారగా తిప్పి వదిలేస్తారు. ఇక్కడ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. బకెట్లు బకెట్లు పోతుంటే సత్యవేణి గారికి ఏం జవాబు చెప్పాలి? అడిగితే కసురుకుంటారు. కంపెనీలో పని ఎక్కువైందట. బెల్టుకు మేకుతో ఇంకో రంధ్రం పొడుచుకున్నారు మొన్న.

విసుగంతా మీ మీద కక్కేశాను. ఏమీ అనుకోకండి.

రాణి

*

జనగామ,
12 జూలై 2008

రాణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకొక అనుమానం ఉంది. మనిషిని చూడకుండా పేరు పెట్టడం నా అలవాటు కాదు కాబట్టి రాయను. నువ్వు భయపడకు. కానీ ఆలస్యం చేయకు.

ఈసారి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీ ఆయన ఉప్పలయ్య బయట బండి దగ్గర నిలబడకూడదు. ముగ్గురూ లోపలికి వెళ్లండి. అతను రానంటే నేను రమ్మన్నానని చెప్పు. ఇంతకంటే ఏమీ అడగకు.

వారంలోగా జరగకపోతే నేనే రైలెక్కి వస్తాను. నాకు స్టేషన్లో మైకు వినపడదు, ఏ ఊళ్లో దిగుతానో తెలియదు. ఆ బాధ నాకు పెట్టకు.

అచ్యుతరావు

*

నాచారం,
20 జూలై 2008

పెద్దనాన్నా,

డాక్టరు దొరికింది. ఎలా దొరికిందో మొదటినుంచీ చెప్పనివ్వండి.

మీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని ఉంటే సత్యవేణి గారు చూసి, ఏమైందని అడిగారు. డాక్టర్ల వెతుకులాటంతా చెప్పాను. ఆమె "మా ఉదయశ్రీ గారి దగ్గరికి వెళ్లలేదా ఏంటి? మల్లాపూర్ వెళ్లే రోడ్డులో, టైలర్ షాపు పక్కన. చిన్న గదేనండీ, కానీ ఆవిడ చదివిందే ఫ్యామిలీ డాక్టరు చదువు. మా ఇంటిల్లిపాదికీ ఆవిడే" అన్నారు. ఆమె ముందు నాకెందుకు చెప్పలేదంటే నేను ముందు అడగలేదు, అంతే.

మీరు రమ్మన్నారంటే మా ఆయన ఎదురు చెప్పలేకపోయారు. నిన్న ముగ్గురం వెళ్లాం. గది చిన్నదే. బయట ఒక బెంచీ, లోపల ఒక బల్ల, మూడు కుర్చీలు. డాక్టరుకు ముప్పై దాటి ఉంటాయి. లేచి నిలబడి అత్తమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మా ఆయన లోపలికైతే వచ్చారు గానీ తలుపు పక్కనే ఆగిపోయారు.

"ఒంట్లో ఎలా ఉంటోందమ్మా?"

అత్తమ్మ పాఠం మొదలుపెట్టింది. పొద్దుమీకితే ఒళ్లు ఎచ్చబడుడు, అన్నం సయించకపోవుడు, దగ్గు, పక్కలు గుంజుడు. ఆమె భాష కొంచెం అర్థం కాకపోయినా డాక్టరు ఆపలేదు. "పక్కలు గుంజుడంటే? లాగినట్టు నొప్పా?" అని అడిగి తెలుసుకుంది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరెక్కడ పడుకుంటారు అని కూడా అడిగింది. మీరు రాసిందే గుర్తొచ్చింది నాకు. తర్వాత అత్తమ్మ వీపు మీద, ఛాతీ మీద చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నది. "ఒకసారి దగ్గండి" అన్నది. అత్తమ్మ దగ్గింది. నాటకాల్లో దగ్గినట్టే దగ్గింది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర మా ఆయన దగ్గారు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, మొహం గోడకు తిప్పుకుని.

డాక్టరు చెవుల్లోంచి గొట్టాలు తీసి మెడలో వేసుకుంది. తొందరేమీ పడలేదు. "అమ్మా, మీ ఊపిరితిత్తులు నా వాటికంటే బాగున్నాయి. మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ మీవి కావు. ఈ దగ్గు ఎవరిది?" అని అడిగింది.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గా తలుపు కాడ నిలవడ్డడు సూడు బిడ్డా. గానిది" అన్నది.

"అవ్వా! ఏం మాట్లాడుతున్నవే?" అని మా ఆయన గట్టిగా అరిచారు. బయట బెంచీ మీదివాళ్లు తొంగి చూశారు.

"మాట్లాడుతరా, ఇయ్యాల మాట్లాడుత! మీ నాయిన గిట్లనే దగ్గుతుండె. మేము ఇనొద్దని గొడ్ల కొట్టంలకు పోయి దగ్గుతుండె. నువ్వు నల్లా తిప్పి దగ్గుతున్నవ్. నాకు చెవుల్లేవా? గదే దగ్గురా అది."

పక్కనే ఉండి నేను నీళ్ల గురించి పోట్లాడుతున్నాను.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదత్తమ్మా?" అన్నాను.

"చెప్పకేంది? వీనికే చెప్పిన. ఇంకోపాలి గా మాటంటే అన్నం ముట్టనన్నడు. నీకు చెప్తే ఇద్దరు కొట్లాడుకుంటరు. వీడు డాక్టర్ కాడికి రాడు. ఇగ నేనే బీమారి పడ్డ. నన్ను సూసిన డాక్టరు నా ఎన్కనున్నోని దిక్కు ఒక్కపారన్న సూడకపోతడా అనుకున్న. ఒక్కడు సూడలె బిడ్డా! మూడు దవాఖాన్లు తిరిగినా ఒక్కడు తలకాయ ఎత్తలె. నువ్వు సూసినవ్."

డాక్టరు అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి, మమ్మల్నిద్దరినీ బయట కూర్చోమంది. మా ఆయనకు కుర్చీ చూపించింది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బయటికొచ్చాక తెమడ పరీక్షకు, ఎక్స్‌రేకు వెళ్లాం. క్షయ అనే ఆమె అనుమానం. మీదీ అదే కదా?

ఇంటి ముందు బండి దిగి అత్తమ్మ అన్నది: "డాక్టరంటే గట్లుండాలె. అచ్చుతరావు సారుకు రాయి, దొరికిందని."

రాణి

*

నాచారం,
26 జూలై 2008

డాక్టర్ సారుకు నమస్కారాలు.

నేను ఉప్పలయ్యను. మీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. రాణికి తెలియకుండా కంపెనీలో కూర్చుని రాస్తున్నాను.

పరీక్షలో జబ్బు ఉన్నట్టే వచ్చింది. అది నాకు ముందే తెలుసు సార్. తెలిసే నల్లా తిప్పుకున్నాను. ఆ రోజు తలుపు వేసి డాక్టరమ్మ నన్ను ఒకటే అడిగింది. "మీకు దేనికి భయం? జబ్బుకా, జనానికా?" జనానికే అన్నాను. నిరుడు మా కంపెనీలో ఒకతనికి ఇదే వస్తే ఎవరూ పక్కన కూర్చుని తినలేదు. ఆఖరుకు ఆయనే మానుకుని పోయిండు. కిరాయి ఇంట్లో ఉంటున్నాం. తెలిస్తే ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి? రేపు గౌతమి పెళ్లికి ఎవరైనా ఈ మాట ఎత్తితే? వాళ్లను ఇక్కడికి తెచ్చిందే నేను కదా సార్.

మందులు సర్కారు దవాఖానలో ఫ్రీగా ఇస్తారట. ఆర్నెల్లు వేసుకోవాలట. డాక్టరమ్మ అంతా రాసిచ్చింది. ఇవాళ పోవాలి. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మా నాయినకు మందిచ్చింది మీరే. ఆయన మందు తిన్నాడు. తిన్నా ఎందుకు పోయిండు? దానికి జవాబు దొరికితే నాకు ధైర్యం వస్తది.

మీ
ఉప్పలయ్య

*

జనగామ,
29 జూలై 2008

నాయనా ఉప్పలయ్యా,

నిజం అడిగావు కాబట్టి నిజమే రాస్తున్నాను. ఆ రోజుల్లో ఈ జబ్బుకు ఏడాదిన్నర వైద్యం. నెలల తరబడి సూదులు. మీ నాన్న మొదట్లో బుద్ధిగా వచ్చాడు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, నాగలి పట్టాడు. ఇక రాలేదు. మీ ఇంటికి నేనూ వచ్చాను, రాణి వాళ్ల నాన్ననూ పంపాను. "నాకు మంచిగైంది సారూ" అని నవ్వేవాడు. జబ్బు తిరగబెట్టి మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి ఏ మందూ పని చేసే స్థితిలో లేదు. అతన్ని తీసుకుపోయింది జబ్బు కాదు, నడుమ మానేసిన మందు. నీకిది ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదంటే, సాలమ్మకు చెప్పే నోరు రాలేదన్నమాట.

నీకు ఆర్నెల్లే. సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాల్లో నీ దగ్గు ఇంకొకరికి అంటడం కూడా ఆగిపోతుంది. ఆ కొన్ని వారాలూ సెలవు పెట్టు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో, కిటికీలు తెరిచి పడుకో. ఇంట్లో మిగతావాళ్లకు పరీక్షలు ఆ డాక్టరమ్మ చేయిస్తుంది.

జనం సంగతి. జనం మాట్లాడతారు. అయితే బతికి ఉన్నవాడి గురించి కొన్నాళ్లు మాట్లాడి మానేస్తారు. నీ కూతురి పెళ్లికి అడ్డు నీ జబ్బు కాదు. పెళ్లిపీటల దగ్గర నువ్వు లేకపోవడం.

గేటు దాకా వెళ్లావు కదా. లోపల ఇంక పది అడుగులే. రేపు వెయ్యి.

అచ్యుతరావు

*

నాచారం,
18 సెప్టెంబర్ 2008

డాక్టర్ పెద్దనాన్నకు దండాలు.

మీరు ఆయనకు ఏం రాశారో నాకు చూపించలేదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతుంటే ఉతికేటప్పుడు తీసి పక్కన పెట్టాను, చదవలేదు. అది వచ్చిన మర్నాడే వెళ్లి మందులు మొదలుపెట్టారు. నాకూ గౌతమికీ అత్తమ్మకూ పరీక్షలు చేశారు. ముగ్గురికీ ఏమీ లేదు. ఈసారి "ఏమీ లేదు" అంటే అత్తమ్మ ఏడవలేదు. అక్కడే డాక్టరమ్మ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

మొదటి మందు వేసుకున్న రోజు ఒక తమాషా జరిగింది. బాత్రూంలోంచి ఆయన "రాణీ!" అని కేక వేశారు. పరిగెత్తాను. మూత్రం నారింజ రంగులో వచ్చిందట, రక్తమేమోనని బిత్తరపోయారు. ఆ మందు వేసుకుంటే అలా వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పిందట. ఆయన వినలేదు. అత్తమ్మ మాత్రం సంబరంగా "మందు పని జేస్తున్నదన్నట్టు! రంగు తేలింది" అన్నది.

మొదటి రెండు మూడు వారాలు మాత్రం తేలిగ్గా పోలేదు. ఒకటే వికారం. "నాకొద్దు ఈ మందులు, నన్నిట్ల వదిలెయ్యిండ్రి" అని ఒకరోజు మొండికేశారు. నేను బతిమాలాను, గౌతమి ఏడ్చింది. అత్తమ్మ ఆటో ఎక్కి వెళ్లి డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఉదయం ఓపీ అయ్యాక అన్నం కూడా తినకుండా వచ్చిందామె. మంచం అంచున కూర్చుని, ఏం తిన్నాక మందు వేసుకుంటున్నారో అడిగింది. పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ తాగడం మాన్పించింది, వికారానికి ఒక మాత్ర ఇచ్చింది, "మీరు మానేస్తే మీ అమ్మగారు మళ్లీ దగ్గడం మొదలుపెడతారు. ఆ నటన నేను చూడలేను" అన్నది. ఆయనకు నవ్వొచ్చేసింది. నవ్వితే దగ్గొస్తుందని ఆపుకోబోయి, దగ్గు రాకపోయేసరికి ఆయనే ఆశ్చర్యపోయారు.

ఇంక సత్యవేణి గారి సంగతి. ఆమెకు ఎలా చెప్పాలా అని నేను రోజూ మెట్ల కింద తచ్చాడేదాన్ని. చెప్పకుండా ఉంటే మోసం చేసినట్టుంటుంది. చెబితే ఇల్లు పోతుంది. ఒకరోజు ఆమే గిన్నెలో కోడిగుడ్ల పులుసు తెచ్చి, "మీ వారికి బలం కావాలి కదా" అన్నారు.

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

"మీ బాత్రూం గోడలోంచే మా పైకి గొట్టం వెళ్తుందమ్మా. నల్లా తిప్పినా దగ్గు వినపడుతుంది" అని, గొంతు తగ్గించి, "మూడేళ్ల క్రితం మా ఆయనా అంతే. నల్లా బదులు రేడియో పెట్టేవారు. ఉదయశ్రీ గారే బాగు చేశారు. అందుకే నిన్ను అక్కడికి పంపా. పేరు పెట్టి చెబితే నువ్వెక్కడ బాధపడతావోనని..." అన్నారు.

పైనా కిందా అందరికీ తెలిసిన రహస్యాన్ని అందరం దాచుకుంటూ కూర్చున్నాం పెద్దనాన్నా. ఇద్దరం మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను ఏడ్చాను కూడా. పులుసు బాగుంది, కాస్త తీపి ఎక్కువ. అత్తమ్మ "గీ కాకినాడోళ్లు కూరల గూడ బెల్లం ఏస్తరేంది" అంటూ గిన్నె తుడిచి తిన్నది.

ఆయన మళ్లీ డ్యూటీకి వెళ్తున్నారు. మేనేజరుకు తానే చెప్పారట. భయపడుతూ చెబితే, "మందులు వేసుకుంటున్నవ్ గద? ఇంకేంది మరి" అన్నాడట. ఒకరిద్దరు మాత్రం ఇంకా దూరంగానే కూర్చుంటున్నారట. "కూసోనియ్" అంటున్నారు ఈయన. ఆ మాట ఆయన నోటి వెంట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

రాణి

*

జనగామ,
25 సెప్టెంబర్ 2008

చిరంజీవి రాణికి,

నీ ఉత్తరం మా వరండాలో అందరికీ చదివి వినిపించాను. పేర్లు మార్చానులే, కంగారు పడకు. నారింజ రంగు దగ్గర మా ఆవిడ నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

నలభై ఏళ్లు వైద్యం చేశాను. రోగి వెనక నిలబడ్డవాణ్ని చూడమని నాకు ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో అడిగి రాయి. నా ఆశీస్సులు చెప్పు.

ఇప్పుడే జాగ్రత్త. ఒంట్లో బాగుపడినప్పుడే మందు మానాలనిపిస్తుంది. మంచిగైందని నవ్వే ఉప్పలయ్యను నమ్మకు, సాలమ్మను నమ్ము.

అచ్యుతరావు

*

నాచారం,
22 ఫిబ్రవరి 2009

డాక్టర్ పెద్దనాన్నకు దండాలు.

అయిపోయింది. ఒక్క మోతాదూ తప్పకుండా వేసుకున్నారు. ఆఖరి పరీక్షల్లో ఏమీ లేదు. ఆయనకు పాత బెల్టు ఆఖరి రంధ్రానికి కూడా చాలడం లేదు, కొత్తది కొన్నాం. శివరాత్రికి ముందే కీసర గుట్టకు వెళ్లొద్దామని ఆయనే అన్నారు. జాతర రోజైతే రద్దీలో అత్తమ్మ నడవలేదు కదా. మెట్లన్నీ ఆయన ఆగకుండా ఎక్కి, పైన నిలబడి మాకోసం ఎదురు చూశారు. అత్తమ్మ సగంలో కూర్చుని, పైకి కొడుకునే చూస్తూ, "నాకు దేవుడు ఈడికెల్లే కనవడుతుండు" అన్నది.

మీరు అడగమన్నది డాక్టరమ్మను అడిగాను. ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదంది. కాకినాడలో చదువుకునే రోజుల్లో వాళ్లమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తే, వెనక నిలబడ్డ తనను ఒక డాక్టరు "నువ్వు తిన్నావా పాపా" అని అడిగాడట. అది మర్చిపోలేదంది.

ఇక నిన్నటి సంగతి. మధ్యాహ్నం నేను బడి నుంచి రాగానే అత్తమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పా, డాక్టర్ కాడికి పోదాం. పిల్లగాన్ని గూడ పిలువు" అన్నది. ఆయనకు సెలవు, ఇంట్లోనే ఉన్నారు. మళ్లీ ఎవరి జబ్బు మోస్తోందో ఈమె? గౌతమిని పిలిచి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. "నాకేం కాలేదమ్మా!" అని అది విదిలించుకుంది. అడిగితే అత్తమ్మ చెప్పదు. "నడువుండ్రి" అంటుంది, అంతే.

బెంచీ నిండా జనం ఉన్నారు. మా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. నలుగురం లోపలికి వెళ్లేసరికి డాక్టరమ్మ మొహంలోనూ గాభరా కనపడింది. ఒక్కొక్కరినీ పరీక్షగా చూసి, "ఎవరికి బాగోలేదు సాలమ్మ గారూ? ఈసారి నిజం చెప్పాలి" అన్నది.

"ఎవల్కి ఏం గాలె బిడ్డా. ఊకనే వచ్చినం."

"ఊరికేనా?"

"ఊకనే. రావద్దా? బీమారుంటేనే వస్తరా మనిషి కాడికి?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. అత్తమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె మొహంలోకి తేరిపారా చూసింది. "నీ కండ్లు లోపలికి పోయినయ్. అన్నం తిన్నవా?" అని అడిగింది. డాక్టరమ్మ మాట మార్చబోయింది. అత్తమ్మ బల్ల కింద చూసింది. టిఫిన్ డబ్బా విప్పకుండా అలాగే ఉంది. టైము మూడు దాటింది.

అత్తమ్మ లేచి, తలుపు తెరిచి, బెంచీ మీదివాళ్లతో గట్టిగా చెప్పింది: "జర ఆగుండ్రయ్యా. డాక్టరమ్మ బువ్వ తింటున్నది."

ఎవరూ విసుక్కోలేదు పెద్దనాన్నా. చంటిపిల్లతో వచ్చిన ఒకామె "తిననియ్యమ్మా, తిననియ్" అన్నది. ఒక ముసలాయన తన సంచీలోంచి రెండు జామకాయలు తీసి, లోపల ఇమ్మని అత్తమ్మ చేతిలో పెట్టాడు. మేము బయటికొచ్చి వాళ్ల పక్కనే కూర్చున్నాం. మా ఆయన తలుపు దగ్గరగా వేసి, ఆమె తినేదాకా దానికి ఆనుకుని నిలబడ్డారు.

రాణి